కొబ్బరినీళ్ళు తాగిన నంబరు

పోయినవారం నరహరిని క్యాంపస్ క్వార్టరు గ్యారేజీలో, తెరిచి ఉన్న కారు తలుపు పక్కన, నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం నుంచీ అలాగే నిలబడి ఉన్నాడు. ఇంకొక్క నిమిషం ఓర్చుకుంటాడు లెండి, కొత్తగా చదివేవాళ్ళకి జరిగింది చెప్పి వస్తాను.

కారు కార్మన్ గియా. ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళ రెండు తలుపుల బుల్లి కూపే, అరవై ఎనిమిదో మోడలు. కెమిస్ట్రీ ప్రొఫెసర్ వెంకటేశ్వర్లు గారు పశ్చిమ జర్మనీలో డాక్టరేటు చేసి వస్తూ ఓడలో తెచ్చుకున్నారు. ఇంజను వెనక ఉంటుంది, డిక్కీ ముందుంటుంది, రేడియేటరు అసలే లేదు. తార్నాక చౌరస్తాలో ఎప్పుడైనా మొరాయిస్తే నలుగురూ మూగి ముందు బానెట్టెత్తి, "అయ్యో సార్, ఇంజనెవడో గుంజుకపోయిండు" అని గుండెలు బాదుకునేవారు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా దాన్ని బతికించింది లాలాపేట రోడ్డు మీద రేకుల షెడ్డున్న నరహరి. ఫ్యాన్ బెల్టు దొరక్కపోతే పిండిగిర్నీ బెల్టు సరిపెట్టాడు. వైపరు మోటారు పాత ఫియట్‌ది. వెనక బంపరు అతని సుత్తిదెబ్బల్లోంచి పుట్టిందే.

పోయినేడు సారు పోయారు. ఆయన కూతురు వైదేహి కూడా అదే యూనివర్సిటీలో కెమిస్ట్రీ ప్రొఫెసరు. పాత కార్ల షోకున్న దిలీప్ అనే ఆసామికి బండి అమ్ముతానని మాటిచ్చింది. అడ్డం పడింది సారు రాసిపెట్టిన ఉత్తరం. "బండిని బండిగా ఎవరికైనా అమ్ముకోవచ్చు. అలా అమ్మలేని రోజు వస్తే అది నరహరిది" అని అందులో ఉంది. సరిగ్గా ఈ ఉదయం కాగితాల ఏజెంటు వచ్చి, వెనక సీటెత్తి, చాసిస్ నంబరు మీద కాగితం పరిచి పెన్సిలు రుద్దాడు. ఆర్సీ పేరు మారాలంటే ఆ పెన్సిల్ ప్రింటు జతచేయాల్సిందే. మొదటి మూడంకెలు తేలాయి. మిగతా ఆరూ తేలలేదు. అక్కడ ఇనుము చిదికిపోయి ఉంది. ముందు డిక్కీలో ఉండాల్సిన నంబరు పలక ఎప్పుడో లారీ గుద్దినప్పుడే పోయింది. "నంబరు లేని బండి అమ్ముడు కాదు మేడం" అని ఏజెంటు బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయాడు.

అంటే బండి నరహరిదవుతుందన్నమాట. ఇక గ్యారేజీలోకి పోదాం.

వైదేహికి కోపం వస్తుందనుకున్నాడు నరహరి. రాలేదు. ఆమె నింపాదిగా కాఫీ కప్పు స్కూటరు సీటు మీద పెట్టి, చీర కొంగు నడుముకి దోపుకుని, కారు వెనక సీటు దగ్గరికి వంగింది.

"సంతోషంగా ఉందా నరహరీ?"

"సంతోషమేంది మేడం. నంబరెట్ల పోయిందో సమజైతలేదు. లోపట, సీటు కింద ఉన్నది. వానదెబ్బ తగల్లే, ఎండదెబ్బ తగల్లే."

"నిజంగా తెలీదా?"

ఆమె గోటితో ఆ చిదికిన ఇనుము మీద గీకింది. గోధుమరంగు పెచ్చు ఊడింది. దాని వెనక పసుప్పచ్చగా ఇంకో పొర ఉంది. దాన్ని వేలి మీద పెట్టుకుని అతని మొహం ముందుకు చాపింది.

"ఇదేంటి?"

"పసుపు మేడం. దసరాది."

"ఏ దసరాది?"

"అన్ని దసరాలది." నరహరి మొహంలో చిన్న వెలుగొచ్చింది. వృత్తి గురించి అడిగితే అతనికి అలాగే వస్తుంది. "మా ఉస్తాద్ బాలస్వామి నేర్పిండు. అందరూ బానెట్టు మీద బొట్టు పెడ్తరు, అది తప్పురా అనేటోడు. బానెట్టు రేపు మారుతది, రంగు మారుతది, ఇంజను గూడ మారుతది. నంబరు మారది. బండికి మొకమంటే గదే. ఆయుధపూజ నాడు సీటెత్తి, నంబరుకు పసుపు ముద్ద పెట్టి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి..."

"ఆ నీళ్ళు?"

"దాని మీదనే పోస్త. ఒక్క చుక్క ఇవతల పడనియ్య."

ఎంత గర్వంగా చెప్పాడో! అది విని వైదేహి నవ్వింది. పెద్దగా కాదు. మార్కులు వెయ్యకముందే ఫెయిలయ్యాడని తెలిసిన కుర్రాణ్ణి చూసి నవ్వే నవ్వు.

"పోసి?"

"సీటు మళ్ళ బిగిస్త."

"తుడవవా?"

"పూజ జేసినంక తుడుస్తరా మేడం?"

"నరహరీ, ఇరవై రెండేళ్ళుగా నేను క్లాసులో చెప్పేది తుప్పు గురించే. నా పీహెచ్‌డీ దాని మీదే." ఆమె గొంతు పాఠం చెప్పే గొంతైపోయింది. "కొబ్బరినీళ్ళలో ఉప్పులుంటాయి. ఇనుముకి అవి పడవు. పసుపు ముద్ద ఆ తడిని పట్టుకుని వదలదు. పైన నువ్వు సీటు బిగిస్తావు. లోపల గుర్రపు వెంట్రుకల మెత్త, నెల రోజులైనా ఆరదు. ముప్ఫై ఒక్క దసరాలు. ఇనుముని తుప్పుకి తినిపించమని నా స్టూడెంట్‌కి ప్రాజెక్టు ఇచ్చినా ఇంత శ్రద్ధగా చెయ్యడు. ఈ నంబరుని వాన తినలేదు, ఎండ తినలేదు. నువ్వు తిన్నావు."

నరహరి వంగి చూశాడు. చూపుడువేలు ఆ గుంట మీద పెట్టాడు. ఏటా ఆ వేలితోనే బొట్టు పెట్టాడు. ఏటికేడు అంకెలు వేలికి మెత్తబడుతుంటే, నా చెయ్యే మొరటుబారుతుంది కాబోలు అనుకునేవాడు. ఎంత తెలివితక్కువతనం! ఇన్నేళ్ళూ ఈ బండికి ఒక గీత పడితే నిద్రపట్టనివాడు, దాని మొహాన్ని తనే చేతులారా చెక్కేశాడు. ఏడుపొచ్చింది. ఈమె ముందు ఏడవకూడదని పళ్ళు బిగపట్టాడు.

ఉన్నట్టుండి అతనికో సంగతి తట్టింది.

"మేడం, సారు పక్కనే నిలబడేటోడు గద. నేను నీళ్ళు పోస్తాంటె చూసేటోడు. కొబ్బరి ముక్క తీసుకొని తినేటోడు. సారుది గూడ కెమిస్ట్రీనే గద?"

వైదేహి ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టుంది. గ్యారేజీ అలమరలోంచి నల్ల అట్ట డైరీ తీసింది. ఆ డైరీ నరహరికి తెలుసు. ఆయిలెప్పుడు మార్చారు, ప్లగ్గులెప్పుడు కడిగారు, ఎన్నో మైలు దగ్గర ఏం మోగింది, అన్నీ సారు అందులో రాసుకునేవారు. నరహరి మీద కూడా మంచిమాటలేవో రాస్తారని అతనికి లోలోపల ఆశ. ఎన్నడూ అడగలేదు.

ఆమె గుర్తు పెట్టుకున్న పేజీ తెరిచి చదవడం మొదలుపెట్టింది.

"'రెండువేల మూడు, విజయదశమి. నరహరి ఈసారి కూడా చాసిస్ నంబరు మీద కాయంతా కుమ్మరించాడు. మూడో అంకె తర్వాత మసకబారుతోంది. చెప్పాలా? చెప్పను.'"

"సారు రాసిండా అట్ల?"

"విను. 'రెండువేల పదకొండు. నాలుగంకెలు పోయాయి. ఇంకో పదేళ్ళు చాలు.' విన్నావా? ఇంకో పదేళ్ళు చాలట. ఇదిగో, చివరిది. 'నరహరిని చూస్తే పాపం అనిపిస్తుంది. ఎంత భక్తిగా పోస్తాడో! కానీ అతను చేస్తున్నది నాకు మేలే. ఆపను.'"

డైరీ మూసి కారు కప్పు మీద పెట్టింది. అతని మొహంలోకి చూసింది. ఒక మనిషి విరిగిపోతుంటే కళ్ళు తిప్పుకునేవాళ్ళుంటారు. వైదేహి తిప్పుకోలేదు.

"నువ్వు దేవుడిలా కొలిచిన మనిషి నీ చేత్తోనే నీ బండిని తుప్పుకి తినిపించాడు నరహరీ. తన చెయ్యి మురికి కాకుండా. నేను అమ్ముకోకూడదని ఆయన పంతం. దానికి దొరికింది నీ భక్తి. యాసిడ్ సీసా కొనాలన్నా డబ్బవుతుంది. నువ్వు కొబ్బరికాయ కూడా నీ డబ్బుతోనే తెచ్చావు."

నరహరి కారు తలుపు గడప మీద కూలబడ్డాడు. ఎన్నేళ్ళు! మల్కాజ్‌గిరిలో పెద్ద షోరూము వాళ్ళు పిలిచి హెడ్డు మెకానిక్కు చేస్తామంటే, సారు బండి ఎవరు చూస్తారని వెళ్ళలేదు. తొలి దసరా నాడు సారు భుజం తట్టి, "నీ చెయ్యి పడితే చాలోయ్" అన్న మాట మీద ముప్ఫై ఒక్క ఏళ్ళు గడిపేశాడు. ఆ చెయ్యి ఎందుకు కావాల్సొచ్చిందో ఇవాళ తెలిసింది.

ఆమె వచ్చి పక్కన కూర్చుంది. పట్టుచీరకి మడ్డి అంటుతుందని కూడా చూసుకోలేదు.

"అన్నా," అంది.

నరహరి ఉలిక్కిపడ్డాడు. ఆ పిలుపు విని ఇరవై ఏళ్ళు దాటింది. ఆమె పదిహేనేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, లైబ్రరీ వెనక రోడ్డు మీద ఇదే కారులో డ్రైవింగు నేర్పింది అతనే. ఉద్యోగం వచ్చాక అన్నా పోయి నరహరీ వచ్చింది. అతని వైదేహమ్మ కూడా మేడం అయిపోయింది.

"గుర్తుందా అన్నా? గొడ్డో గోదో అడ్డమొస్తే 'బ్రేకమ్మా!' అని అరిచేవాడివి. నేను రెండు కాళ్ళతోనూ తొక్కేసేదాన్ని. నీ తల అద్దానికి కొట్టుకునేది."

"యాదికున్నది," అన్నాడు నరహరి.

"నాన్న మనిద్దరికీ అన్యాయం చేశారు. ఈ బండి ఉత్తరం ప్రకారం నీదే, కాదనను. తీసుకెళ్ళి ఏం చేస్తావు? నంబరు లేదు, కాగితాలు మారవు, రోడ్డెక్కదు. నీ షెడ్డులో శవంలా పడుంటుంది. కోళ్ళు గుడ్లు పెడతాయి దాంట్లో. అదే నంబరుంటే దిలీప్ గారి దగ్గరికి పోతుంది. ఆదివారం ఆదివారం తిరుగుతుంది. దాన్ని చూసుకోడానికి నువ్వే కావాలని నేను ఆయన్ని ఒప్పించాను. నెలజీతం. నీ పేరు చెప్పాను అన్నా."

"నంబరెట్ల వస్తది?"

ఆమె అతని పనిముట్ల సంచీ వైపు చూసింది. అందులో రేకు డబ్బా ఉంది, డబ్బాలో అంకెలు కొట్టే ఉక్కు పంచీలున్నాయి. తొమ్మిదే ఉంటాయవి, ఆరుని తిరగేస్తే తొమ్మిదవుతుంది.

"అది నేరం అమ్మా."

"ఉన్న నంబరే కదా. కొత్తది కాదు, దొంగది కాదు. నీ వల్ల పోయింది, నువ్వే తిరిగి పెడుతున్నావు. బండికి మొహం లేకుండా చేసినవాడివి, మొహం ఇవ్వవా?"

ఎక్కడ కొట్టాలో ఆమెకి తెలుసు. నరహరి లేచాడు. ఎమరీ కాగితంతో ఆ గుంటని రుద్ది చదును చేశాడు. సీటు కింద చీకటిగా ఉంది.

"ఉండు, నేను లైటు పడతాను," అని వైదేహి ఫోను టార్చి వేసి అతని చేతుల మీదకి వంచింది. ఎంత ఓపిగ్గా పట్టుకుందో! నరహరికి కృతజ్ఞత కూడా కలిగింది, పిచ్చివాడికి.

"చెప్పమ్మా."

ఆమె రెండో చేత్తో ఆర్సీ పట్టుకుని చదివింది. "ఐదు. తొమ్మిది. మూడు. ఎనిమిది. ఎనిమిది. రెండు."

నరహరి చెయ్యి ఆగింది. "చివర్ల రెండా? నాకు యాది, చివర్ల నాలుగు, సున్న, ఏడు ఉండె. వేలుకు ఎరుక."

"వేలుకి ఎరుకా? గవర్నమెంటు ఆర్సీలో రెండని ఉంది. ముసలాడివైపోయావన్నా. కొట్టు."

నిజమే కాబోలు. నేను సదువుకున్నోణ్ణా, అనుకున్నాడు. ఒక్కో పంచీకి ఒక్కో దెబ్బ. రెండో దెబ్బ వేస్తే అంకె నీడ పడుతుంది, అందుకని ఊపిరి బిగబట్టి ఆరు దెబ్బలు కొట్టాడు. మీద కాస్త మడ్డి పూసి గుడ్డతో తుడిచాడు. అరవై ఎనిమిదో సంవత్సరం నుంచీ అక్కడే ఉన్నట్టు కూర్చుంది నంబరు. మంచి పనివాడు మరి.

"అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా."

"నాక్కూడా అయిపోయింది నరహరీ."

అన్నా పోయింది. ఆమె లైటు ఆర్పి, ఫోను తిప్పి, తెర అతనికి చూపించింది. తెర మీద వీడియో. అతని చేతులు, సుత్తి, పంచీ, ఒక్కో అంకె పడుతున్న చప్పుడు. మధ్యలో అతని మొహం, చెమటతో, స్పష్టంగా. ఆమె మాత్రం ఎక్కడా కనబడదు.

"సౌండు కొంచెం కత్తిరించాలి, నా మాటలున్నాయి," అంది, క్లాసుకి నోట్సు సర్దుకుంటున్నట్టు. కత్తిరించింది కూడా, అతని ముందే. "చాసిస్ నంబరు దిద్దడం ఎంత నేరమో నీకు తెలుసు, నువ్వే చెప్పావు. ఇకనుంచీ ఉత్తరం గిత్తరం అని నోరెత్తకు. నువ్వు నోరు విప్పిన రోజు ఇది పోలీస్ స్టేషన్లో ఉంటుంది."

"దిలీప్ సారు కాడ పని..."

"ఆయనకి పుణె నుంచి మెకానిక్ వస్తాడు. బండికి గిర్నీ బెల్టు వేసినవాణ్ణి ఎవరు పెట్టుకుంటారు?"

అంతలో ఆమె ఫోను మోగింది. దిలీపే. ఆమె గ్యారేజీ గుమ్మంలోకి నడిచింది.

నరహరి కారు కప్పు పట్టుకున్నాడు. చేతికి డైరీ తగిలింది. ఆ అక్షరాలు సారువేనా? ఒక్కసారి తన కళ్ళతో చూస్తే గాని మనసు ఒప్పుకునేలా లేదు. తెరిచాడు. గుర్తున్న పేజీలో మేడం చదివిందే ఉంది, అక్షరం తేడా లేదు. "నాకు మేలే. ఆపను." మూసెయ్యబోతుంటే వెనక అట్ట లోపల అతికించిన కాగితం జిగురు వదిలి ఊడొచ్చింది. దాని కింద నాలుగు మడతల పల్చటి కాగితం ఉంది. విప్పాడు.

పెన్సిల్ ప్రింటు. బూడిదరంగు మధ్య తెల్లగా అంకెలు తేలి ఉన్నాయి. కింద సారు కుర్రతనపు చేతిరాత. "బొంబాయి రేవు, పందొమ్మిదివందల డెబ్భై ఒకటి. దీని నిజమైన నంబరు. ఎవరికీ చూపకూడదు."

నరహరి అంకెల మీద వేలు నడిపాడు. మొదటి మూడూ అవే. ఆ తర్వాత రెండు, ఒకటి, ఆరు. చివర నాలుగు, సున్న, ఏడు.

వేలికి ఎరుకే. అతని వేలు అబద్ధమాడలేదు. ఆ ఏడు మోడలు బళ్ళన్నిటికీ మొదటి మూడంకెలూ ఒకటే. ఆర్సీలో ఉన్నది ఇంకేదో బండి నంబరు. ఏ బండిది? ఎవరిది? ఆ కాగితాలు సారు చేతికి ఎలా వచ్చాయి? ఆర్సీ రెన్యువలు చేయించాల్సిన ప్రతిసారీ సారు ఒక్కరే బండి వేసుకుని పోయేవారు, "నువ్వొద్దులే" అని అతన్ని దింపేసి. అదెందుకో ఇవాళ అర్థమైంది. సారుకి "మేలు" ఏమిటో అర్థమైంది. కూతురు అమ్ముకోకుండా చెయ్యడం కాదు. ఈ ఇనుము మీదున్న నిజం ఎన్నడూ ఎవరి పెన్సిలుకీ తేలకుండా పోవడం. ఆ నిజాన్ని చెరిపింది నరహరి. ఇందాక దాని మీద అబద్ధాన్ని కొట్టిందీ నరహరే.

గుమ్మంలోంచి వైదేహి మాటలు వినబడుతున్నాయి, హుషారుగా.

"క్లియర్‌గా ఉంది దిలీప్ గారూ, ఏజెంటు సరిగ్గా రుద్దలేదంతే. రేపు పదకొండింటికి రండి. నంబరు, ఆర్సీ, హిస్టరీ, అన్నీ ఒరిజినల్. పూచీ కావాలా? స్టాంప్ పేపర్ మీద రాసిస్తాను. ఈ బండి కాగితాల్లో ఏ తేడా వచ్చినా, ఎప్పుడొచ్చినా, పూర్తి బాధ్యత నాదే అని నా సంతకంతో. మీ లాయర్ని కూడా తీసుకురండి."

నరహరి ఆమె వీపు వైపు చూశాడు. లైబ్రరీ వెనక రోడ్డులో స్టీరింగు రెండు చేతులా కరుచుకుని, నాలిక బయటపెట్టి నడిపిన పిల్ల వీపు అది. ఒక్క మాట నాలిక చివరిదాకా వచ్చింది. బ్రేకమ్మా. ఆ ఒక్క మాట అంటే చాలు, ఆగిపోతుంది.

మింగేశాడు. కాగితాన్ని నాలుగు మడతలూ పెట్టి చొక్కా లోపలికి, ఒంటికి ఆనేలా దూర్చుకున్నాడు. డైరీని ఉన్నచోటే పెట్టాడు. పంచీలు తుడిచి వరసగా డబ్బాలో సర్దాడు.

వైదేహి ఫోను పెట్టేసి తిరిగింది. మొహం కళకళలాడుతోంది.

"ఇంకా ఇక్కడే ఉన్నావా? సరే, రేపు నువ్వూ రా. కాగితం మీద సాక్షి సంతకం కావాలి. అప్పుడు నువ్వూ ఇందులో ఉన్నట్టుంటుంది."

ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ ఇంట్లో నరహరి అబద్ధమాడిన రోజు లేదు. ఇవాళ కూడా ఆడలేదు.

"తప్పకుండ వస్త వైదేహమ్మా," అన్నాడు. "మీ సంతకం అయినంకనే పెడ్త."